విండోస్ 10కి నీళ్ళొదిలేశారు. మా డీటీపీ షాపు పాత కంప్యూటర్లను ఏం చేయమంటారు?

శ్రీను_డీటీపీ (రేపల్లె)

అందరికీ నమస్కారం. రేపల్లెలో మాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, ఓణీల ఫంక్షన్ కార్డులు, పెద్దకర్మ కార్డులు, బిల్లు పుస్తకాలు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు చేస్తాం. ఎలక్షన్లొస్తే కరపత్రాలు. పని లేనప్పుడు జిరాక్సులు, ఆధార్ ప్రింట్లు, ఆన్‌లైన్ దరఖాస్తులు. షాపులో మూడు కంప్యూటర్లున్నాయి. రెండు ఇంటెల్ ఐ3 నాలుగో తరానివి, ఒకటి ఐ5 ఏడో తరానిది. మూడింట్లోనూ విండోస్ 10. మ్యాటర్ కొట్టేది అను అనే తెలుగు ఫాంట్లలో, మాడ్యులర్ అనే కీల వరసతో. పేజీల సెట్టింగు అడోబీ వాళ్ళ పాత పేజ్‌మేకర్ 7లో. నవ్వుకోకండి, మా జిల్లాలో సగం షాపుల్లో ఇదే.

2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ వాళ్ళు విండోస్ 10కి అప్‌డేట్లు ఆపేశారు కదా. అప్పటినుంచి స్క్రీన్ మీద మెసేజీ వస్తూనే ఉంది. 11కి మారదామని చూస్తే మూడింట్లో ఒక్కటి కూడా పనికిరాదంటోంది. టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు లేదట, ప్రాసెసర్ పాతదట. ఆ ఐ3లు ఎంత బాగా పనిచేస్తున్నాయో నాకు తెలుసు. ఎస్‌ఎస్‌డీలు వేయించాక బటన్ నొక్కి టీ గ్లాసు అందుకునేలోపు ఆన్ అవుతున్నాయి. పొద్దున తొమ్మిదికి మొదలుపెడితే రాత్రి షట్టర్ దించేదాకా ఆగవు. చెడిపోయిన వస్తువును పారేయమంటే అర్థముంది. నడుస్తున్నదాన్ని పారేయమంటున్నారు.

నా కోపం ఎక్కడంటే, 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు ఇదే ఆఖరి విండోస్, ఇక దీన్నే మెరుగుపరుస్తూ పోతాం అని ఆ కంపెనీ మనిషే ఒక సభలో అన్నాడు. పేపర్లన్నీ రాశాయి. నేనూ నమ్మాను. 2021 అక్టోబరులో 11 రానే వచ్చింది. ఆఖరిది అన్న మాట ఎవరికీ గుర్తులేదు.

మళ్ళీ పైన చూస్తే అంతా మనవాళ్ళే. కంపెనీ పెద్ద సత్య నాదెళ్ళ గారిది హైదరాబాదు. విండోస్ విభాగానికి పెద్ద పవన్ దావులూరి, ఆ ఇంటిపేరు మా వైపు వినేదే. ఆయన 2025 నవంబరులో విండోస్ ఇక 'ఏజెంటిక్ ఓఎస్', అంటే ఏఐ ఏజెంట్లే పనులు చేసిపెట్టేది, అవుతోందని ట్వీటు పెడితే జనం విరుచుకుపడ్డారు. మాకు ఏఐ ఏజెంట్లు వద్దు, ఉన్నదాన్ని సరిగ్గా నడవనివ్వండి అని. ఆ కామెంట్లు చదువుతుంటే అమెరికా వాళ్ళు కూడా మా షాపులో కూర్చుని రాసినట్టే అనిపించింది. డిసెంబరులో నాదెళ్ళ గారు ఢిల్లీ వచ్చి ప్రధానిని కలిసి భారత్‌లో 1750 కోట్ల డాలర్లు పెడతామన్నారు. డేటా సెంటర్లు, ఏఐ, అంతా. సంతోషమే. హైదరాబాదు పిల్లలకు ఉద్యోగాలొస్తాయి. అంత డబ్బున్న కంపెనీకి నాలుగో తరం ఐ3కి ఇంకో మూడేళ్ళు సెక్యూరిటీ ఇవ్వడం బరువైపోయిందా అని నా ప్రశ్న.

సరే, తిట్టుకుంటే పని జరగదు. ఇలాగే 10 మీదే నడిపితే నిజంగా ప్రమాదమా, లేక భయపెట్టి కొత్తవి అమ్మడానికా? కొత్త కంప్యూటర్ కొంటే దాంట్లో పేజ్‌మేకర్, అను ఎక్కుతాయా? మాఘమాసం ముహూర్తాలు మొదలైతే నాకు ఊపిరాడదు, ఆలోపే ఏదో ఒకటి తేల్చుకోవాలి. అనుభవమున్నవాళ్ళు చెప్పండి. కంపెనీ చేసింది న్యాయమా కాదా అన్నదాని మీద కూడా మీ అభిప్రాయం రాయండి, చదివి కాస్త కడుపు చల్లబరుచుకుంటా.

పార్క్‌లేన్_యాదగిరి (సికింద్రాబాద్)

శ్రీనన్నా, నేను పార్క్‌లేన్‌లో సెకండ్ హ్యాండ్ సిస్టమ్స్ అమ్ముతా. ముందే చెప్తున్నా, మీ బాధ మాకు గిరాకీ. కాబట్టి నా మాట కొంచెం తగ్గించుకునే వినండి.

కొత్త కంప్యూటర్ ఇప్పుడైతే కొనకండి. కారణం విండోస్ కాదు, ర్యామ్. 2025 చివరి నుంచి ర్యామ్ రేటు మండిపోతున్నది. ఏఐ డేటా సెంటర్లకు మెమరీ మొత్తం పోతున్నది, మిగిలింది మనకు. డిసెంబర్ మొదట్ల మైక్రాన్ ఏం చేసిందో చూసిండ్రా? క్రూషియల్ అని మనం ఏళ్ళకేళ్ళు కస్టమర్లకు వేసిన ర్యామ్, ఎస్‌ఎస్‌డీ బ్రాండు ఉండే కదా, ఆ వ్యాపారమే మూసేస్తున్నామని ప్రకటించింది. పెద్ద కస్టమర్లకు మెమరీ ఇయ్యడానికట. అంటే పది వేల చిప్పులు ఒక్కసారి కొనేటోడే కావాలి, ఒక్క ర్యామ్ ముక్క కొనేటోడు అక్కరలేదు. నా కౌంటర్ ముందు నిలబడేది ఆ ఒక్క ముక్కోడే. నాకైతే విండోస్ 10 బంద్ చేసిన దానికన్నా ఇదే ఎక్కువ కోపం.

పైసలు పెట్టాలనుకుంటే ఆఫీసుల నుంచి లీజు అయిపోయి వచ్చే ఎనిమిదో తరం, తొమ్మిదో తరం డబ్బాలు చూడండి. డెల్, హెచ్‌పీ, లెనోవో చిన్న డబ్బాలు వస్తయి. అవి 11కి అధికారికంగా పనికొస్తయి. కొనేటప్పుడు టీపీఎం బయోస్‌ల, అంటే విండోస్ రాకముందు తెరిచే సెట్టింగులల్ల, ఆన్ చేసి చూపించమనండి, కొందరు 'ఉన్నది' అంటరు కానీ చూపెట్టరు.

మీ ఏడో తరం ఐ5 గురించి ఒక ముచ్చట. చాలా ఏడో తరం బోర్డులల్ల టీపీఎం 2.0 బయోస్‌లనే ఉంటది, ఇంటెల్ పీటీటీ అని. ఒకసారి ఆన్ చేసి చూడండి. ఆన్ అయినా 11 ఒప్పుకోదు, ఎందుకంటే లిస్టు ఎనిమిదో తరం నుంచే మొదలు. కానీ ఏడో తరం ల్యాప్‌టాప్ ప్రాసెసర్లల్ల ఒక్కదానికి మాత్రం పాస్ ఇచ్చిండ్రు. ఐ7 7820హెచ్‌క్యూ. ఎందుకో తెలుసా? మైక్రోసాఫ్ట్ సొంతంగా అమ్మిన సర్ఫేస్ స్టూడియో 2ల ఉన్నది అదే. ఇగ ఇంతకన్నా ఏం చెప్పాలె.

రూఫస్ అనే ఉచిత టూల్‌తోని పెన్‌డ్రైవ్ చేసి ఆ చెకింగ్ తీసేసి 11 ఎక్కించొచ్చు. మీ మూడింట్ల ఎక్కుతది, నేను నాలుగో తరంల ఎక్కించిన. కానీ ఏటా వచ్చే పెద్ద వెర్షన్ అదంతట అది రాదు, మళ్ళ పెన్‌డ్రైవే. అట్ల ఎక్కించిన వాటికి అప్‌డేట్లు ఇస్తమని గ్యారంటీ లేదని కంపెనీ రాసే పెట్టింది. షాపు నడిచే సిస్టమ్ మీద నేనైతే చెయ్య.

టెస్టర్_ఫ్రిస్కో (టెక్సాస్)

శ్రీను గారూ, మీ కోపం న్యాయమే గానీ, ప్రమాదం నిజమా అన్నదానికి మాత్రం నిజమనే చెప్తాను. నేను పద్దెనిమిదేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగులో ఉన్నాను, మైక్రోసాఫ్ట్‌లో కాదు.

2017 మే నెలలో వానాక్రై వచ్చింది గుర్తుందా? ఫైళ్ళన్నీ తాళం వేసి డబ్బడిగిన వైరస్. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది దూరిన కన్నానికి కంపెనీ రెండు నెలల ముందే, మార్చిలోనే అతుకు ఇచ్చింది. దెబ్బతిన్నవాళ్ళు ఎక్కువగా ఆ అతుకు వేసుకోనివాళ్ళే. మీ షాపు పరిస్థితి ఊహించుకోండి. రోజూ పదిమంది పెన్‌డ్రైవులు పెడతారు. వాళ్ళ మెయిల్ మీ కంప్యూటర్‌లో తెరుస్తారు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే ఊరందరి ఆధార్ కార్డులు, పాన్ కార్డులు, బ్యాంకు పాసుబుక్కుల మొదటి పేజీలు ఉంటాయి. అవునా కాదా? ఇంట్లో సినిమాలు చూసే కంప్యూటర్ 10 మీద ఉంటే నేనింత చెప్పను.

ఇక కంపెనీ సంగతి. పదేళ్ళు ఇచ్చారు. ఎక్స్‌పీకి 2014లో, 7కి 2020లో ఆపినట్టే దీనికీ ఆపారు. తేదీ ముందే చెప్పారు కూడా. ఎంతకాలమని పాత కోడును మోస్తారు? ఆ పని చేసేవాళ్ళ పక్కన కూర్చున్నవాడిగా నాకు వాళ్ళ బాధ తెలుసు. తప్పెక్కడంటే గీత గీసిన చోట. అప్‌డేట్లు ఆపే నాటికి వాడుతున్న యంత్రాల్లో ఇన్ని కోట్లు కొత్తదానికి పనికిరాకుండా పోవడం ఇంతకుముందు ఎప్పుడూ జరగలేదు. ఇక్కడి వినియోగదారుల సంఘం ఒకటి 40 కోట్ల దాకా అని అంచనా వేసింది.

మీరు వెంటనే చేయాల్సింది ఒకటుంది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్‌కు వెళ్తే ఈఎస్‌యూ అనే పొడిగింపు పథకంలో చేరమని లింకు కనిపిస్తుంది. విండోస్ 10 22హెచ్2 వెర్షన్ అయి ఉండాలి. చేరితే 2026 అక్టోబరు 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. 30 డాలర్లు కట్టొచ్చు, లేదా మీ సెట్టింగులు వాళ్ళ క్లౌడ్‌లో బ్యాకప్ చేయడానికి ఒప్పుకుంటే డబ్బక్కర్లేదు. ఒక అకౌంటు మీద పది కంప్యూటర్ల దాకా కుదురుతుంది, మీ మూడూ అయిపోతాయి. కంపెనీ డొమైన్‌లో చేరిన ఆఫీసు కంప్యూటర్లకు ఇది లేదు, వాటికి వేరే పథకం, ఏటా రేటు రెట్టింపు. మీకది అక్కర్లేదు. ఎడ్జ్ బ్రౌజర్‌కూ, డిఫెండర్ యాంటీవైరస్‌కూ 10 మీద 2028 దాకా అప్‌డేట్లు వస్తాయన్నారు. కాబట్టి టెన్షన్ పడి ఈ సీజన్‌లో ఏదీ మార్చకండి. అక్టోబరు దాకా టైముంది.

శ్రీను_డీటీపీ (రేపల్లె)

ఫ్రిస్కో అన్నా, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ సంగతి మీకెలా తెలిసింది! ఇప్పుడే తెరిచి చూశా. రెండేళ్ళ కిందటి కులధ్రువీకరణ పత్రాలు కూడా ఉన్నాయి. మా కుర్రాడికి చెప్పి అన్నీ తీయించేస్తున్నా.

ఈఎస్‌యూ నొక్కి చూశా. ముందు మైక్రోసాఫ్ట్ అకౌంటుతో సైన్ ఇన్ అవ్వమంటోంది. డబ్బు కడతానన్నా అకౌంటు కావాల్సిందేనట. నాకిదే మింగుడు పడట్లేదు. తాళం బాగుచేయడానికి వచ్చినవాడు మీ ఇంటి కాగితాల నకలొకటి నా దగ్గర పెట్టుకుంటా అన్నట్టుంది. పైగా యూరప్ వాళ్ళకు బ్యాకప్ షరతు లేకుండానే ఉచితమట, అక్కడి సంఘాలు గొడవ చేశాయి కాబట్టి. గొడవ చేస్తే వదులుకునే షరతు మొదట పెట్టడమెందుకు? మన దగ్గర అడిగేవాడు లేడనే కదా.

యాదగిరన్నా, ఏడో తరంలో ఒక్క ప్రాసెసర్‌కు పాస్ ఇచ్చిన ముచ్చట మా పక్క షాపాయనకు చెబితే పది నిమిషాలు నవ్వాడు. ఆయనా మైక్రోసాఫ్ట్ బాధితుడే.

టెస్టర్_ఫ్రిస్కో (టెక్సాస్)

అకౌంటు విషయంలో మీతో వాదించను. కొత్తగా 11 ఎక్కించేటప్పుడు అకౌంటు లేకుండా దాటేసే అడ్డదారులు కొన్ని ఉండేవి, 2025లో వాటిని ఒక్కొక్కటే టెస్టింగ్ వెర్షన్లలో తీసేస్తూ వచ్చారు. అది భద్రత కోసమంటే నేనూ నమ్మను. షాపు పేరు మీద వేరే మెయిల్ ఐడీ ఒకటి తెరిచి దాంతో చేరండి. మీ సొంత ఐడీ, మీ ఫోటోలున్న ఐడీ మాత్రం ఇవ్వకండి. వన్‌డ్రైవ్‌లో డాక్యుమెంట్స్ ఫోల్డర్ బ్యాకప్ ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే కస్టమర్ల కాగితాలు కూడా పైకి వెళ్ళిపోతాయి.

కళ్యాణి_టైపింగ్ (కరీంనగర్)

అందరూ మైక్రోసాఫ్ట్‌నే తిడుతున్నారు. శ్రీను గారూ, నేను పేజ్‌మేకర్ 6.5 నాటి నుంచి ఇదే పనిలో ఉన్నాను. ప్రెస్సుల్లో చేశాను, ఇప్పుడు ఇంటి దగ్గరే పుస్తకాలకు టైపింగ్, సెట్టింగ్ చేస్తున్నాను. మీ చేతులు కట్టేసింది విండోస్ కాదు, పేజ్‌మేకర్.

అడోబీ వాళ్ళు పేజ్‌మేకర్ 7 ఇచ్చింది 2001లో. ఆ తర్వాత కొత్త వెర్షన్ లేదు. అంతకు రెండేళ్ళ ముందే ఇదే పనికి ఇన్‌డిజైన్ అనే కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చారు, వాళ్ళ దృష్టి అటు పోయింది. మనం మాత్రం అక్కడే ఉండిపోయాం. ఎందుకంటే పేజ్‌మేకర్ సీడీ ఒకటి ఉంటే ఊరంతా నడిచింది, అది అందరికీ తెలుసు, దాని గురించి ఎవరమూ మాట్లాడం. 2013లో అడోబీ ఇక డబ్బాలో పెట్టి అమ్మేది లేదు, నెలనెలా కట్టాల్సిందే అంది. ఒక కొత్తకాలం డిజైనర్‌కు అది కుదురుతుంది. శుభలేఖకు మూడొందలు తీసుకునే మనకు కుదరదు. మానేద్దామంటే అదీ సులభం కాదు. ఏడాది ఒప్పందం, నెలనెలా చెల్లింపు అన్న ప్లాను మధ్యలో ఆపితే జరిమానా ఉంటుందని ముందు సరిగ్గా చెప్పలేదని అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ చొరవతో అక్కడి న్యాయశాఖ 2024 జూన్‌లో అడోబీ మీద కేసే వేసింది. నాకు పెద్ద కంపెనీల్లో ఎవరి మీదైనా కోపముంటే ముందు వీళ్ళ మీదే. మైక్రోసాఫ్ట్ పదేళ్ళు మోసింది. వీళ్ళు మనలాంటి వాళ్ళున్నారని కూడా అనుకోలేదు.

ఇక అసలు ముడి. మీకు వాట్సాప్‌లో పెళ్ళి మ్యాటర్ పంపుతారు కదా? దాన్ని కాపీ చేసి పేజ్‌మేకర్‌లో పెడితే ఏం వస్తుంది? వరసగా ప్రశ్నార్థకాలు. అప్పుడు మీరు కళ్ళజోడు పెట్టుకుని ఫోన్‌లో చూస్తూ మళ్ళీ మొత్తం కొడతారు. ఫోన్‌లో ఉన్నది యూనికోడ్, అంటే ఏ పరికరంలోనైనా తెలుగును తెలుగుగానే గుర్తించే పద్ధతి. మన అను ఫాంట్లలో తెలుగు అక్షరాలు నిజానికి ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో దాక్కుని ఉంటాయి. ఫాంటు తీసేస్తే ఆ మ్యాటర్ పిచ్చి గీతలు. మీ ఇరవై ఏళ్ళ పనంతా ఆ ఫాంటు ఉన్నంతకాలమే తెలుగు.

నేను మూడేళ్ళ కిందట మారాను. ఫాంట్లు సిలికానాంధ్ర వాళ్ళవి. రామభద్ర, ఎన్టీఆర్, మండలి, గిడుగు, సురవరం, రవిప్రకాష్, ఇంకా చాలా ఉన్నాయి. గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. ఉచితమే కాదు, ఓపెన్ ఫాంట్ లైసెన్సు కాబట్టి రేపు గూగుల్ తన సైటులోంచి తీసేసినా మన దగ్గరున్న కాపీని ఎవరూ వాడొద్దనలేరు. శుభలేఖ శీర్షికకు రామభద్ర వేసి చూడండి, పాత అను శీర్షికల మోజు తగ్గుతుంది. నిజం చెప్పాలంటే అన్నిటికీ కాదు. పెద్దకర్మ కార్డుకు నాకిప్పటికీ పాత అను ఫాంటు ప్రియాంకే నచ్చుతుంది, అలవాటు అలాంటిది.

మాడ్యులర్ చేయి పోతుందని భయపడకండి. అదే వరసలో యూనికోడ్ కొట్టే కీబోర్డు సాఫ్ట్‌వేర్లున్నాయి, నేను వాడుతున్నదీ అదే. ప్రభుత్వం వాళ్ళ కీబోర్డు వరస ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోమని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి, ఈ వయసులో వేళ్ళు మాట వినవు.

ఇన్‌డిజైన్ ఎవరి దగ్గరైనా వాడాల్సొస్తే పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో 'వరల్డ్ రెడీ కంపోజర్' పెట్టాలి. లేకపోతే ఒత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి. అది తెలియక 'ఇన్‌డిజైన్‌లో తెలుగు రాదు' అనేవాళ్ళు నాకు బోలెడుమంది తగిలారు. ఫోటోషాప్‌లోనూ టైప్ సెట్టింగుల్లో అలాంటిదే ఉంది. డబ్బు పెట్టలేకపోతే స్క్రైబస్ ఉంది. 1.6 వెర్షన్ 2024లో వచ్చింది, దాంట్లో తెలుగు ఒత్తులు సరిగ్గా కూర్చుంటున్నాయి. పేజ్‌మేకర్ అంత చురుగ్గా ఉండదు, మెనూలు వెతుక్కోవాలి, మొదటి నెల తిట్టుకుంటారు. అఫినిటీ అని ఇంకోటి, కాన్వా వాళ్ళు దాన్ని 2025 అక్టోబరులో ఉచితం చేశారు. అది నమ్మి దిగేముందు 'క్ష్మ', 'ర్థ్య' లాంటివి వేసి ప్రింటు తీసి చూసుకోండి. ఉచితంగా ఇస్తున్నవాళ్ళు రేపు ఏమంటారో అన్న అనుమానం కూడా నాకు లేకపోలేదు.

లైనక్స్_మావయ్య (అనంతపురం)

శ్రీనూ, విండోస్ 10 ఆగిన రోజే, అక్టోబరు 14నే, జోరిన్ ఓఎస్ 18 విడుదల చేసినారు. విండోస్ బదులు వేసుకునే లైనక్స్ అది. కావాలనే ఆ రోజు పెట్టుకున్నారు. నీ నాలుగో తరం ఐ3లో చక్కగా నడుస్తాది. టీపీఎం అడగదు, అకౌంటు అడగదు. కళ్యాణమ్మ చెప్పిన స్క్రైబస్ దాంట్లోనూ ఉంది. అంతా మార్చమని చెప్పను. జిరాక్సు పక్కనుండే కంప్యూటర్, జనం పెన్‌డ్రైవులు పెట్టేది, దాన్ని లైనక్స్ చేసెయ్. బ్రౌజర్, పీడీఎఫ్, ప్రింటు, ఇంతే కదా దానికి పని. ప్రింటర్ ఏ మోడలో ముందు చెప్పు, కొన్ని పాత లేజర్లకు డ్రైవర్ దొరక్క ఏడిపిస్తాయి. కొన్ని ప్రభుత్వ సైట్లు వేలిముద్ర మిషన్ అడుగుతాయి, దాని డ్రైవర్ విండోస్‌కే ఉంటే ఆ పని వేరే కంప్యూటర్‌లో పెట్టుకో.

పార్క్‌లేన్_యాదగిరి (సికింద్రాబాద్)

మావయ్య చెప్పింది కరెక్టే. నేను కూడా ఇద్దరు నెట్ సెంటర్లోళ్ళకు అట్లనే చేసిచ్చిన. ఒక్కటే పంచాయితీ, పిల్లలు వచ్చి 'అన్నా, వర్డ్ ఏది' అని అడుగుతరు. లిబ్రే ఆఫీస్ ఐకాన్ పేరు మార్చి 'వర్డ్' అని పెట్టిన, మళ్ళ ఎవరూ అడగలే.

కళ్యాణి మేడం, మీరు చెప్పిన ప్రశ్నార్థకాల సంగతి నాకు ఇయ్యాల్నే తెలిసింది. మా దగ్గరకు డీటీపీ వాళ్ళు వచ్చి 32 బిట్ విండోస్ 7 వెయ్యమని ఎందుకు బతిమాలుతరో అర్థం కాకపోయేది, వాళ్ళ పాత సాఫ్ట్‌వేర్ కోసమని ఇప్పుడు తెలిసింది. 11 అయితే 64 బిట్‌లనే ఉన్నది, వాళ్ళు ఆ మాట వింటేనే భయపడుతరు.

శ్రీను_డీటీపీ (రేపల్లె)

అందరికీ థాంక్స్. ఇక్కడ ఇంత వస్తుందనుకోలేదు.

నేను అనుకున్నది చెబుతా. ఐ5 మీద షాపు మెయిల్‌తో ఈఎస్‌యూ తీసుకుంటున్నా, మీసేవ, వేలిముద్ర పనులన్నీ దాంట్లోనే. ఒక ఐ3కి నెట్ వైరు పీకేస్తున్నా. అది ఇక పేజ్‌మేకర్‌కే, వైఫై కూడా ఉండదు, బయటి పెన్‌డ్రైవ్ పెడితే మా కుర్రాడి జీతంలో కోత. ఇంకో ఐ3లో మావయ్య చెప్పినట్టు జోరిన్ వేసి చూస్తా. ప్రింటర్ మోడల్ విడిగా మెసేజ్ పెడతా. కొత్తదేదీ కొనను, ర్యామ్ రేట్లు దిగేదాకా.

కళ్యాణి గారూ, మీరు అడోబీని తిట్టింది నాకు నచ్చింది గానీ మైక్రోసాఫ్ట్‌ను వదిలేశారు, దానికి మాత్రం ఒప్పుకోను. అడోబీ నన్ను కస్టమరే కాదంది, సరే. వీళ్ళు నన్ను కస్టమర్ అంటూనే బయటికి పొమ్మంటున్నారు. పెద్దవాళ్ళు ఏఐకి పెట్టే డబ్బుల్లో మెమరీ మొత్తం కొనేసి, రేట్లు పెరిగిన ఇదే ఏడాదిలో కొత్త కంప్యూటర్ కొనుక్కోమనడం నాకు అన్నిటికన్నా ఒళ్ళు మండే సంగతి. రెండూ వేర్వేరు విభాగాలు, వేర్వేరు కంపెనీలు చేసిన పనులే అనుకోండి. బిల్లు మాత్రం నాకే వస్తోంది.

ఇంకొక్క సందేహం. యూనికోడ్‌కి మారతా సరే, పాత ఫైళ్ళు? మా దగ్గర ప్రతి ఏడూ వచ్చే తిరునాళ్ళ కరపత్రం, గుడి కమిటీ చందా పుస్తకం, స్కూలు పేపర్లు, అన్నీ పేజ్‌మేకర్‌లో దాచిన పీఎండీ ఫైళ్ళే. ఊళ్ళో సగం ఇళ్ళ శుభలేఖలు కూడా ఉన్నాయి. తమ్ముడి పెళ్ళికి అన్న కార్డే తీసి పేర్లు మార్చమంటారు.

కళ్యాణి_టైపింగ్ (కరీంనగర్)

శ్రీను గారూ, మైక్రోసాఫ్ట్ గురించి మీ మాట మీది, నా మాట నాది, అక్కడ వదిలేద్దాం.

పాత ఇన్‌డిజైన్‌లు, సీఎస్6 దాకా, పేజ్‌మేకర్ ఫైళ్ళు తెరిచేవి. ఇప్పటివి తెరవవు. కాబట్టి పేజ్‌మేకర్ నడుస్తున్న ఈ రోజుల్లోనే పని కానివ్వండి. అన్నీ మార్చాలనుకోకండి, మునిగిపోతారు. ఏటా తిరిగి వచ్చేవి మాత్రం తీయండి. తిరునాళ్ళ కరపత్రం, చందా పుస్తకం, బిల్లు పుస్తకాల నమూనాలు. ఒక్కోదానికి ముందు ఫాంట్లు ఎంబెడ్ చేసి పీడీఎఫ్ తీసి పెట్టుకోండి, అది చూపు కోసం. దాంట్లోంచి కాపీ చేస్తే అక్షరాలు రావు. మ్యాటర్ కోసం వేరే దారి. టెక్స్ట్ బ్లాకు మొత్తం సెలెక్ట్ చేసి ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ కొట్టి టెక్స్ట్‌గా దాచండి. దాన్ని అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్‌లో వేయండి. నెట్‌లో అలాంటివి కొన్ని ఉచితంగానే ఉన్నాయి. మీ అను వెర్షన్‌కు సరిపోయేది ఎంచుకోవాలి, 6కీ 7కీ తేడా ఉంటుంది. శుభలేఖలైతే అడిగినవాళ్ళు వచ్చినప్పుడు కొట్టుకోవచ్చు, పేర్లు ఎలాగూ మారతాయి.

మార్చాక ఒకటి తప్పకుండా చూడండి. మ్యాటర్ మధ్యలో ఇంగ్లీషులో ఉన్న ముక్కలు, అంటే పేరు పక్కన బి.టెక్., ఎం.బి.బి.ఎస్., మెయిల్ ఐడీలు, ఇవన్నీ కూడా తెలుగే అనుకుని కన్వర్టర్ ఏదో ఒక పిచ్చి అక్షరంగా మార్చేస్తుంది. తెలుగు చదువుకుంటూ పోయే ప్రూఫ్ కళ్ళకు అవి దొరకవు. వాటికోసం వేరేగా ఇంకోసారి చూడాలి.